సబర్ నేర్చుకున్న కత్తి: సర్ హెరాల్డ్ గిల్లీస్ జీవితం

ఇంట్లో పెద్దాయనకు డెబ్బై అయిదేళ్లు. ఇరవై ఏళ్లుగా షుగర్, బీపీ. గుండెకు స్టెంట్ కూడా వేశారు. కాలికి తగిలిన చిన్న దెబ్బ పుండైంది. పుండు లోతుకు పోయి ఎముక బయటపడింది. డాక్టర్లు రెండు దారులు చెప్పారు. ఒకటి, కాలు తీసేయడం. రెండోది, ఒంట్లో ఇంకోచోటి నుంచి కండ తెచ్చి, దాని రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద కాలి రక్తనాళాలకు కలిపి కుట్టి, ఆ కండతో పుండు మూసేయడం. కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు ఆసుపత్రి వరండాలో నిలబడి తర్జనభర్జన పడుతుంటారు. ఈ వయసులో అంత పెద్ద ఆపరేషన్ తట్టుకుంటారా? చేయించకపోతే ఏమవుతుంది? చేయించాక ఏదైనా జరిగితే?

ఇలాంటి పరిస్థితి ఇవాళ ఎన్నో ఇళ్లలో ఉంది. కానీ ప్రశ్న పాతదే. నలిగిపోయిన శరీరం ఎంత కత్తిని తట్టుకోగలదు? వందేళ్ల కిందట ఒక సర్జన్ ఈ ప్రశ్నకు ఒకసారి తప్పు జవాబు ఇచ్చారు. దానికి ఒక యువకుడి ప్రాణం పోయింది. ఆ తప్పును దాచుకోకుండా, దాని నుంచి నేర్చుకున్నదాన్నే శిష్యులకు పాఠంగా చెప్పారు. ఆయనే సర్ హెరాల్డ్ గిల్లీస్. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ పితామహుడిగా ప్రపంచం ఆయన్ని గుర్తు పెట్టుకుంది.

న్యూజిలాండ్ నుంచి లండన్ దాకా

హెరాల్డ్ గిల్లీస్ 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి రాబర్ట్ గిల్లీస్ అక్కడి పార్లమెంటు సభ్యుడు, నక్షత్రాలంటే ఇష్టపడే మనిషి. ఇంట్లోనే దుర్భిణి పెట్టుకుని ఆకాశం చూసేవారు. హెరాల్డ్‌కు నాలుగేళ్లయినా నిండకముందే ఆ తండ్రి చనిపోయారు. చిన్నప్పుడు మెట్ల పక్కనున్న కొయ్య మీద జారుతూ పడటంతో హెరాల్డ్ మోచేయి దెబ్బతింది. జీవితాంతం ఆ చేయి పూర్తిగా కదల్లేదు. ఆ చేత్తోనే క్రికెట్ ఆడారు, పడవ నడిపారు, గోల్ఫ్‌లో పేరు తెచ్చుకున్నారు. తర్వాత వేలాది మందికి కుట్లు వేసింది కూడా ఆ చేతులే.

చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లి కేంబ్రిడ్జిలో చేరారు. 1904లో ఆక్స్‌ఫర్డ్‌తో జరిగే ప్రసిద్ధ పడవ పందెంలో కేంబ్రిడ్జి తరఫున తెడ్డు వేశారు. లండన్‌లోని సెయింట్ బార్తోలోమ్యూస్ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకుని, చెవి ముక్కు గొంతు డాక్టరుగా స్థిరపడ్డారు. 1911లో కాథ్లీన్ జాక్సన్ అనే నర్సును పెళ్లి చేసుకున్నారు. మంచి ప్రాక్టీసు, మంచి సంపాదన, ఆదివారం గోల్ఫ్. 1914లో యుద్ధం రాకపోయి ఉంటే ఆయన జీవితం అలాగే హాయిగా సాగిపోయేది.

ముఖాలు పోయిన మనుషులు

మొదటి ప్రపంచ యుద్ధం కందకాల యుద్ధం. సైనికుడు ఒళ్లంతా మట్టిలో దాచుకుని తల మాత్రం పైకెత్తి చూస్తాడు. తూటా, బాంబు ముక్క వచ్చి తగిలేది ఆ తలకే. ఇనుప టోపీ ప్రాణం కాపాడేది, ముఖాన్ని కాపాడలేకపోయేది. దవడ ఎగిరిపోయినవాళ్లు, ముక్కు లేనివాళ్లు, పెదాలు లేక గుటక వేయలేనివాళ్లు వందల సంఖ్యలో ఆసుపత్రులకు రాసాగారు.

గిల్లీస్ 1915లో రెడ్‌క్రాస్ తరఫున ఫ్రాన్స్ వెళ్లారు. అక్కడ చార్లెస్ వలాడియే అనే దంతవైద్యుడు విరిగిన దవడలను బాగుచేస్తుండగా చూశారు. పారిస్ వెళ్లి హిప్పొలీట్ మొరెస్టిన్ అనే ఫ్రెంచి సర్జన్ ఒక రోగి ముఖం మీద పెద్ద గడ్డ తీసేసి, పక్క చర్మంతోనే ఆ ఖాళీని మూయడం చూశారు. ఇక తన పని ఇదేనని అప్పుడే నిశ్చయించుకున్నారు.

1916 జనవరిలో ఆల్డర్‌షాట్‌లోని కేంబ్రిడ్జి సైనిక ఆసుపత్రిలో ముఖ గాయాల వార్డు మొదలైంది. అయితే గాయపడినవాళ్లను ఎక్కడికి పంపాలో యుద్ధభూమిలో డాక్టర్లకు తెలియాలి కదా! సైన్యం కార్యాలయం సంగతి తెలిసిన గిల్లీస్, పది పౌండ్లు తన జేబులోంచి పెట్టి సామాన్లకు కట్టే చీటీలు కొన్నారు. వాటిమీద తన చిరునామా రాయించి ఫ్రాన్స్‌కు పంపారు. ఆ చీటీలు ఒంటికి కట్టుకుని గాయపడినవాళ్లు నిజంగానే రావడం మొదలుపెట్టారు.

ఆ ఏడాది జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైంది. ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. గాయపడినవాళ్లు, కనిపించకుండా పోయినవాళ్లు కలిపితే లెక్క 57,000 దాటింది. జూలై 14న అదే సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర దక్కన్ హార్స్ రౌతులు గుర్రాల మీద దాడికి దిగారు. ఈ రెజిమెంటు మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. మర తుపాకుల ముందు ఈటెలతో వెళ్లినవారిలో దక్కనీ ముస్లిం జవాన్లూ ఉన్నారు. అది అంత దూరపు యుద్ధమైనా హైదరాబాద్ గడ్డకు సంబంధం లేనిది కాదు.

ఆల్డర్‌షాట్‌లో సోమ్ గాయాల కోసం 200 మంచాలు సిద్ధం చేశారు. వచ్చినవాళ్లు రెండు వేల మంది.

అంటు కట్టే విద్య

అంతకుముందు ముఖ గాయాలకు చేసిన వైద్యం ఏమిటంటే, చీలిన అంచులను దగ్గరికి లాగి కుట్టేయడం. మధ్యలో పోయిన భాగం పోయినట్టే ఉండేది. మానేకొద్దీ చర్మం బిగుసుకుని నోరు ఒక పక్కకు, కన్ను ఒక పక్కకు ఈడ్చుకుపోయేవి. గిల్లీస్ ఈ పద్ధతిని తిరగేశారు. ముందు మిగిలి ఉన్న భాగాలను వాటి అసలు చోట పెట్టాలి. అప్పుడు ఎంత పోయిందో తెలుస్తుంది. ఆ పోయినంతా వేరేచోట నుంచి తెచ్చి నింపాలి.

తేవడం ఎలా అన్నదే కష్టం. పలచటి చర్మం ముక్కను పూర్తిగా కోసి తెచ్చి అతికించొచ్చు. కానీ అది కింద మంచి రక్తం ఉన్నచోటే నాటుకుంటుంది, నారు తడి మడిలోనే నాటుకున్నట్టు. లోతైన గుంట నింపాలన్నా, ఎముకను కప్పాలన్నా మందమైన ముక్క కావాలి. మందమైన ముక్కకు సొంత రక్తప్రవాహం ఉండాలి. ఇలా రక్తప్రవాహంతో సహా తెచ్చే ముక్కను ఫ్లాప్ అంటారు.

జామకు అంటు కట్టడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కొమ్మను తల్లి చెట్టు నుంచి కోయకుండానే మట్టి కట్టి వేళ్లు పుట్టిస్తారు. వేళ్లు వచ్చాకే కోస్తారు. ఫ్లాప్ కూడా అంతే. ఒక కొస పాతచోటే అంటి ఉంటుంది, రెండో కొసను గాయం దగ్గర కుడతారు. కొన్ని వారాల్లో గాయం వైపు నుంచి కొత్త రక్తనాళాలు పుడతాయి. అప్పుడు పాత కొసను కోసేస్తారు.

ఈ విద్యకు మూలం హిందుస్తాన్‌లో ఉంది. 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లిషువాళ్ల దగ్గర ఎద్దుల బండి తోలే కోవస్జీ అనే మనిషి టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కాడు. అతని ముక్కు, ఒక చేయి కోసేశారు. ఏడాది తర్వాత పూణే ప్రాంతంలో ఒక దేశీ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టాడు. ఆ వార్త 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో బొమ్మతో సహా అచ్చయింది. ఇరవై ఏళ్లకు, 1814లో, జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ అదే పద్ధతిని లండన్‌లో చేసి చూపించాడు. గిల్లీస్ కాలానికి నుదుటి ఫ్లాప్‌తో ముక్కు కట్టడం సర్జన్లకు తెలిసిన విద్యే. దాన్ని ఆయనా వాడారు.

గొట్టంలా చుట్టిన చర్మం

రోగులు పెరగడంతో 1917లో లండన్ దగ్గరున్న సిద్‌కప్‌లో ముఖ గాయాల కోసమే క్వీన్స్ హాస్పిటల్ తెరిచారు. ఆ ఏడాది అక్టోబరు 3న విల్లీ వికరేజ్ అనే నావికుడికి గిల్లీస్ ఆపరేషన్ చేస్తున్నారు. 1916 జట్లాండ్ నౌకా యుద్ధంలో మందుగుండు అంటుకుని అతని ముఖం కాలిపోయింది. ఛాతీ మీది చర్మాన్ని లేపి ముఖం మీదికి తిప్పుతుండగా, ఆ చర్మం అంచులు లోపలికి చుట్టుకోవడం గిల్లీస్ గమనించారు. ఆ అంచులు రెండూ కలిపి కుట్టేస్తే? చర్మం గొట్టం అయిపోతుంది. లోపలి పచ్చి భాగం మూసుకుపోతుంది, చీము పట్టే భయం తగ్గుతుంది, రక్తనాళాలు లోపల భద్రంగా ఉంటాయి. అక్కడికక్కడే కుట్టేశారు.

యాంటీబయాటిక్స్ లేని రోజులవి. చీము పడితే చేసిన పనంతా పాడయ్యేది. అందుకే ఈ చిన్న ఉపాయం ఎందరినో నిలబెట్టింది. అదే కాలంలో ఒడెస్సాలో వ్లదీమిర్ ఫిలాతోవ్ అనే డాక్టరు కూడా ఇలాంటి ఉపాయమే కనిపెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఈ గొట్టంతో పొట్ట మీది చర్మాన్ని కూడా ముఖానికి తేవడం వీలైంది. ముందు దాన్ని మణికట్టుకు కుట్టేవారు. అక్కడ నాటుకున్నాక పొట్ట వైపు కోసి, చేతిని ముఖం దగ్గరికి తెచ్చి కట్టేవారు. నెలలు పట్టే పని. రోగికి సబర్ కావాలి, డాక్టరుకు అంతకన్నా ఎక్కువ సబర్ కావాలి.

ఆ సబర్ గిల్లీస్‌కు ఊరికే రాలేదు.

రాల్ఫ్ లమ్లీ

రాల్ఫ్ లమ్లీ యువ పైలట్. 1916లో శిక్షణ పూర్తయ్యే రోజే విమానం కూలి మంటల్లో చిక్కుకున్నాడు. ముఖమంతా కాలిపోయింది, ఒక కన్ను పోయింది. ఏడాదికి పైగా ఇతర ఆసుపత్రుల్లో గడిపి, 1917లో సిద్‌కప్ చేరేసరికి మనిషి చిక్కిపోయాడు. నొప్పి కోసం ఇచ్చిన మార్ఫియాకు అలవాటుపడ్డాడు. బతుకు మీద ఆశ సన్నగిల్లింది.

గిల్లీస్ ఒక పెద్ద పథకం వేశారు. ఛాతీ మీది చర్మాన్ని ముఖం ఆకారంలో ఒకే పెద్ద ముక్కగా లేపి, ముఖమంతటినీ ఒకేసారి కప్పేయాలి. 1918 ఆరంభంలో ఆ ఆపరేషన్ జరిగింది. అంత పెద్ద ముక్కకు చాలినంత రక్తం అందలేదు. అది నల్లబడి కుళ్లసాగింది. చర్మం తీసిన ఛాతీ కూడా మానలేదు. అప్పటికే అలిసిపోయిన ఒళ్లు ఈ రెండు గాయాలను మోయలేకపోయింది. మార్చిలో లమ్లీ చనిపోయాడు.

గిల్లీస్ ఈ మరణాన్ని యుద్ధం మీదికి నెట్టలేదు, రోగి బలహీనత మీదికీ నెట్టలేదు. అతిగా ఆశపడ్డానని, ఈ పనిని చిన్న చిన్న దశల్లో చేయాల్సిందని, ముందు మనిషి కోలుకునే దాకా ఆగాల్సిందని ఒప్పుకున్నారు. అప్పటినుంచి ఆయన పద్ధతి మారింది. వాయిదా వేయగలిగిన ఆపరేషన్‌ను వాయిదా వేయాలన్నది శిష్యులకు ఆయన నేర్పే మొదటి పాఠమైంది. ముందు ఒంట్లో బలం రావాలి, పుండు శుభ్రపడాలి, రక్తం అందుతోందో లేదో తేలాలి. అందాన్ని చూసుకోవడం ఆ తర్వాత. సర్జన్ ఎప్పుడూ ఒక పక్కన రక్తప్రవాహాన్ని, ఇంకో పక్కన అందాన్ని తూకం వేస్తూ ఉంటాడని, రక్తం వైపు తేలిపోతే రెండూ పోతాయని ఆయన అనుభవం.

నీలం బెంచీలు

సిద్‌కప్‌లో కొన్నేళ్లలో అయిదు వేల మందికి పైగా సైనికులకు పదకొండు వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అంటే చాలామందికి రెండు, మూడు, ఇంకా ఎక్కువ సార్లు. ఒక ఆపరేషన్‌కూ ఇంకోదానికీ మధ్య వాళ్లు అక్కడే ఉండేవారు. వడ్రంగం, బొమ్మల తయారీ లాంటి పనులు నేర్చుకునేవారు. వార్డుల్లో అద్దాలు ఉంచేవారు కాదు. ఆసుపత్రి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. వాటిమీద కూర్చునేది ముఖాలు దెబ్బతిన్నవాళ్లని ఊరివాళ్లకు ముందే తెలియడానికి. చూసి ఉలిక్కిపడకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. కూర్చున్నవాడి మనసుకు అది ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

హెన్రీ టాంక్స్ అనే చిత్రకారుడు, తానూ సర్జనే, ఈ రోగుల ముఖాలను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా రంగుల్లో గీశారు. మత్తు విషయంలోనూ ఇక్కడ పెద్ద ముందడుగు పడింది. ముఖం మీద ఆపరేషన్ చేస్తుంటే ముఖానికే మత్తు మాస్కు పెట్టడం ఎలా? యుద్ధం ముగిశాక సిద్‌కప్‌లో ఐవన్ మాగిల్, స్టాన్లీ రోబోతమ్ అనే మత్తు డాక్టర్లు శ్వాసనాళంలోకి గొట్టం వేసి మత్తు ఇచ్చే పద్ధతిని తీర్చిదిద్దారు. గంటల తరబడి సాగే ఆపరేషన్లలో ఇవాళ పెద్ద వయసువాళ్ల ఊపిరి నిలబెడుతున్నది ఆ దారిలో వచ్చిన విద్యే.

గిల్లీస్ 1920లో ముఖ శస్త్రచికిత్స మీద పుస్తకం అచ్చేశారు. అందులో బాగా వచ్చిన కేసులతో పాటు చెడిపోయిన కేసులూ పెట్టారు. 1930లో సర్ బిరుదు వచ్చింది. అదే కాలంలో డునెడిన్ నుంచే వచ్చిన బంధువు ఆర్చిబాల్డ్ మాకిండోకు పని నేర్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయిన పైలట్లకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో కొత్త జీవితం ఇచ్చింది ఈ మాకిండోనే. గిల్లీస్ బేసింగ్‌స్టోక్ దగ్గర రూక్స్‌డౌన్ హౌస్‌లో పని నడిపించారు. 1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం పుడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. 1957లో అమెరికన్ శిష్యుడు రాల్ఫ్ మిలార్డ్‌తో కలిసి తన అనుభవమంతా రెండు సంపుటాల్లో రాశారు.

వార్డులో మాత్రం ఆయన గంభీరమైన మనిషి కాదు. వేషాలు వేసి స్నేహితులను ఏడిపించేవారు, గోల్ఫ్ బంతిని ఎత్తైన సీసా మీద పెట్టి కొట్టేవారు. రంగులతో బొమ్మలు వేసేవారు. నవ్వు కూడా మందేనని ఆ ముఖాలు లేనివాళ్ల మధ్య తెలుసుకున్న మనిషి.

చివరి ఆపరేషన్

1960 ఆగస్టు 3న గిల్లీస్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్ల అమ్మాయికి దెబ్బతిన్న కాలు మీద ఆపరేషన్ చేస్తుండగా ఆయన మెదడులో రక్తం గడ్డకట్టింది. సెప్టెంబరు 10న లండన్‌లో కన్నుమూశారు. జీవితమంతా రక్తప్రవాహాన్ని కాపాడుకుంటూ వచ్చిన మనిషి అది ఆగిపోవడం వల్లే వెళ్లిపోయారు.

అదే 1960లో అమెరికాలో జూలియస్ జాకబ్సన్, అర్నెస్టో సువారెజ్ అనే ఇద్దరు డాక్టర్లు మైక్రోస్కోప్ కింద అతి సన్నని రక్తనాళాలను కలిపి కుట్టవచ్చని చూపించారు. 1968లో, మాకిండో పనిచేసిన ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లోనే, జాన్ కాబెట్ అనే సర్జన్ ఒక రోగి కాలి బొటనవేలును తెచ్చి చేతికి బొటనవేలుగా అమర్చారు. 1970లలో చర్మాన్ని, కండనూ అలాగే పూర్తిగా కోసి తెచ్చి కొత్తచోట కుట్టడం మొదలైంది. గిల్లీస్ వారాల తరబడి ఎదురుచూసిన రక్తం ఇప్పుడు కుట్టిన నిమిషాల్లోనే ముక్కలోకి పారుతుంది. వెంట్రుకకన్నా సన్నని దారం, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పైనా లేని నాళం.

వరండాలో నిలబడ్డ కుటుంబానికి

విద్య మారింది, లమ్లీ నేర్పిన పాఠం మాత్రం మారలేదు. పెద్ద వయసువాళ్లలో ఈ ఆపరేషన్లు ఇవాళ జరుగుతున్నాయి, చాలామంది కాలు నిలబెట్టుకుని నడుస్తున్నారు. వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, కిడ్నీలు, షుగర్, కాలి రక్తనాళాల స్థితి, బీడీ సిగరెట్ల అలవాటు, ఇవన్నీ కలిపి చూడాలి. కాలికి రక్తమే అందకపోతే ఎంత మంచి కండ తెచ్చినా బతకదు. అందుకే చాలామందికి ముందు రక్తనాళాల పరీక్ష చేస్తారు, అవసరమైతే మూసుకున్న నాళాన్ని ముందుగా తెరుస్తారు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు నర్సులు గంట గంటకూ ముక్క రంగు, వెచ్చదనం చూసేది కూడా రక్తం ఆగిందేమోనన్న భయంతోనే. ఆగితే వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి.

కొందరికి ఇంతకన్నా చిన్న పని చాలు. పక్కనున్న కండనే తిప్పి కప్పొచ్చు, లేదా పుండును శుభ్రం చేసి, ఒళ్లు కోలుకున్నాక పలచటి చర్మం వేయొచ్చు. మరికొందరికి నెలల తరబడి మంచం మీద ఉండటం కన్నా కాలు తీసి త్వరగా లేచి కూర్చోవడమే ప్రాణానికి మేలు. అది ఓటమి కాదు. పెద్దాయన నమాజుకు ఎలా నిలబడతారు, బాత్రూంకు ఎలా వెళ్తారు, ఇంట్లో ఎవరు చూసుకుంటారు, ఇవి కూడా ఈ నిర్ణయంలో భాగమే. ఆయన స్పృహలో ఉంటే ముందు అడగాల్సింది ఆయన్నే.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు గిల్లీస్ తనను తాను వేసుకున్న ప్రశ్నలే వేయొచ్చు. కాలికి రక్తం బాగా అందుతోందా? ఈ పనిని దశల్లో చేసే వీలుందా? కొన్ని రోజులు ఆగి షుగర్, పోషణ సరిచేసుకుంటే నష్టమా, లాభమా? ఆగకూడని పరిస్థితి అయితే, చీము రక్తంలోకి పాకుతుంటే, డాక్టరే తొందరపెడతారు. అప్పుడు ఆలస్యం చేయకూడదు. మిగతా సమయాల్లో, ఒక్క రోజు ఆలోచించుకుంటామని అడగడంలో తప్పులేదు.

దువాతో పాటు దవా అని పెద్దలు చెప్తారు. ఆ రెండింటికీ మధ్య సబర్ ఉంది. సిద్‌కప్‌లో చిన్న వయసులోనే పోయిన ఒక పైలట్ ఆ మూడోదాన్ని ఒక గొప్ప సర్జన్‌కు నేర్పి వెళ్లాడు.